నటీమణి జీవితకథ: సురభి వెంకూబాయి, ఏలూరి కన్నాంబ

తెలుగు నాటకరంగ చరిత్రను బోధించువారికిని, ఆ విషయమున పరిశోధన సాగించువారికిని ఒక సంగతి త్వరలోనే గోచరించును. మన గ్రంథములలో నాటకకర్తలకు ప్రకరణములు కలవు. సమాజములకు ప్రకరణములు కలవు. నటులకు, అందును స్త్రీపాత్రలు ధరించిన పురుషులకు, విశేష ప్రశంసలు కలవు. స్త్రీపాత్రలు ధరించిన స్త్రీలకు మాత్రము సాధారణముగా ఒక కథ ఉండును, జీవితము ఉండదు. ఆ కథ ఒక రాత్రి జరిగిన వింతతో మొదలై ఆ రాత్రితోనే ముగియును. ఈ వ్యాసమున అట్టి కథలు రెండింటిని తీసికొని, అవి ఏమి చెప్పుచున్నవో, ఏమి మరుగుపరచుచున్నవో పరిశీలింపదలచితిని. మొదటిది సురభి కుటుంబమునకు చెందిన వెంకూబాయిని గూర్చినది. రెండవది ఏలూరిలో పెరిగిన పసుపులేటి కన్నాంబను గూర్చినది. పోలికకొరకు స్థానం నరసింహారావుగారి రంగప్రవేశకథను నడుమ నిలుపుకొందును.

ముందుగా కాలపరిస్థితిని సంగ్రహముగా చెప్పవలెను. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించిరి. ఆ ప్రాంతముననే ధార్వాడ నాటకసమాజమువారి ప్రదర్శనములు కోస్తా పట్టణములలో చదువుకొన్నవారికి నాటకముపై ఆసక్తిని కలిగించినవి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) నాటకములు వ్రాసి ఆడించుచుండిరి. 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' ప్రదర్శింపబడెను. ఈ ప్రయత్నములన్నింటిలో నటులు పాఠశాలలకు, కచ్చేరీలకు, న్యాయస్థానములకు సంబంధించిన పురుషులు. స్త్రీపాత్రలును వారివే. మధురవాణి వంటి పాత్ర సైతము మొదట పురుషుని కంఠముననే పలికినది. కూచిపూడి భాగవతుల మేళములలో పురుషులే భామవేషము కట్టుట అంతకుమున్నే ఆచారమై యుండుటచే ప్రేక్షకులకు ఇది వింతగా తోపలేదు.

దీనికి కారణమును చెప్పుచు 'కులస్త్రీలు రంగమెక్కని కాలము' అని మన చరిత్రకారులు ఒక వాక్యముతో ముగింతురు. అది సగము మాత్రమే నిజము. ఆ కాలమున సంగీతము, నృత్యము, అభినయము క్రమశిక్షణతో నేర్చిన స్త్రీలు తెలుగునాట లేకపోలేదు. కళావంతులు అట్టివారు. పదాభినయము, భామాకలాపము వారి కుటుంబములలో తరతరములుగ వచ్చిన విద్య. కాని నాటకమును సంఘసంస్కరణ సాధనముగ చేపట్టిన పెద్దలే భోగముమేళములను ఖండించి ఉద్యమము నడపినవారు. కావున నూతన నాటకరంగమునకు ఒక చిక్కు ఏర్పడినది. అభినయవిద్య తెలిసిన స్త్రీలను పిలువరాదు. పిలువదగినవారని తలచిన స్త్రీలకు విద్య తెలియదు. ఆ ఖాళీని పురుషులు పూరించిరి. అనగా పురుషుడు స్త్రీవేషము వేయుట స్త్రీలు లేమిచే కాక, ఉన్న స్త్రీలను విడిచిపెట్టుటచే జరిగినది. ఈ భేదమును విద్యార్థులకు స్పష్టపరచుట మన కర్తవ్యము.

ఈ పట్టణరంగమునకు వెలుపల వేరొక ధార బయలుదేరినది. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి కుటుంబమువారు 'కీచకవధ'ను ఆడిరి. అదియే సురభి నాటకసమాజమునకు నాంది. వీరు మహారాష్ట్ర దేశమునుండి వచ్చి తెలుగు సీమలో స్థిరపడిన తోలుబొమ్మలాట కుటుంబములవారు. వీరి సమాజమున స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. దీనిని గొప్ప సాహసముగ, సంస్కరణముగ వర్ణించుట పరిపాటియైనది. సాహసము లేదనను. కాని తోలుబొమ్మలాట స్వరూపమును తెలిసినవారు ఇందొక సహజక్రమమును గుర్తింపగలరు. బొమ్మలాట ఇంటివారందరు కలిసి చేయు వృత్తి. తెరవెనుక సీతకు, ద్రౌపదికి మాటయు పాటయు ఇచ్చునది ఆ ఇంటి ఆడువారు. రాత్రియంతయు పాడి, రాగము నిలిపి, సంవాదము నడుపు అభ్యాసము వారికి చిన్ననాటినుండి కలదు. సురభిలో జరిగినది ఏమనగా, తెరవెనుక నున్న గొంతు తెరముందునకు వచ్చినది. ఆ స్త్రీ రంగమునకు క్రొత్తది కాదు. వెలుగునకు మాత్రము క్రొత్తది.

ఈ విషయమును నొక్కి చెప్పుటకు కారణము కలదు. పట్టణ సమాజములలో నాటకము ఆసక్తికొలది చేయు వ్యాసంగము. సురభివారికి అది కుటుంబపోషణ. పట్టణ సమాజమున నటుడు పగలు ఉద్యోగము చేసి రాత్రి రంగమెక్కును. సురభి స్త్రీ పగలు వంట చేసి, బిడ్డలను సాకి, దుస్తులు సరిచూచి, రాత్రి రంగమెక్కును. వివాహములు ఈ కుటుంబముల నడుమనే జరుగుట మిక్కిలి. కోడలు వచ్చినయెడల ఇంటికి ఒక పాత్రధారిణి వచ్చినట్లు. బిడ్డ నడక నేర్చిన పిమ్మట కృష్ణుడో, లవకుశులలో ఒకడో, ప్రహ్లాదుడో కాగలడు. ఈ వ్యవస్థను మనసునందుంచుకొని వెంకూబాయి కథను వినవలెను.

ఆ కథ ఇట్లు చెప్పుకొందురు. కృష్ణాజీరావుగారి భార్యయైన వెంకూబాయి నిండుచూలాలుగ నుండి దమయంతి పాత్రను ధరించి రంగముపై నుండగా పురిటినొప్పులు ఆరంభమైనవి. ఆమె పడు బాధను ప్రేక్షకులు దమయంతి బాధగనే భావించి చూచుచుండిరి. పిదప నిజము తెలిసి తెర దింపిరి. ఆ తెరవెనుకనే ఆడుశిశువు జన్మించినది. సంగతి తెలిసిన జనులు ఆనందముతో శిశువుపై కాసులు కురిపించిరి. ఆ శిశువే 1907లో పుట్టిన సురభి కమలాబాయి. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు మాటల చిత్రము 'భక్తప్రహ్లాద'లో ఆమె లీలావతి పాత్రను ధరించినది. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. 1932లోనే 'పాదుకా పట్టాభిషేకము', 'శకుంతల' చిత్రములందును నటించి 1971లో మరణించినది.

కథ మనోహరముగ నున్నది. అందులకే దానిని జాగ్రత్తగ చదువవలెను. మొదటగ గమనింపవలసినది, ఇది ఎవరి కథ యనుట. దీనిని మనము కమలాబాయి చరిత్రకు ఉపోద్ఘాతముగ చెప్పుకొనుచున్నాము. రాబోవు నటి పుట్టుకతోనే నటి యని చూపుట దీని ప్రయోజనము. పురాణపురుషుల జననకథలకును దీనికిని బంధుత్వము కలదు. తల్లి ఇందు ఒక సాధనము మాత్రమే. బిడ్డ పుట్టగనే ఆమె కథనుండి తొలగిపోవును. మరునాడు ఆమె ఏమి చేసెనో, ఎన్నాళ్లకు తిరిగి రంగమెక్కెనో, దమయంతిగాక మరి యే పాత్రలు వేసెనో కథ చెప్పదు. చెప్పవలెనను కుతూహలమును వినువారికి కలిగింపదు. పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టిన ఒక నాటకసమాజముయొక్క తొలితరపు నటి మనకు ఒక్క రాత్రి కనబడి మరుగైనది.

రెండవది, కథలోని ఆర్థికసత్యము. నెలలు నిండిన స్త్రీ దమయంతి వేషము ఎందుకు కట్టినది? ఈ ప్రశ్నను ఎవరును అడుగరు. కళాభిమానమని సమాధానము చెప్పుట సులభము. కుటుంబసమాజమున పాత్రలు కుటుంబసభ్యులకే పంచబడియుండును. దమయంతి లేనిదే నలుని నాటకము లేదు. నాటకము లేనిదే ఆనాటి వసూలు లేదు. వ్యవసాయకుటుంబమున నిండుచూలాలు నాట్లకు పోయిన సంగతులు మన పల్లెలలో ఎల్లరకు తెలిసినవే. కోతకు పోయి చేనిగట్టున ప్రసవించిన తల్లులను గూర్చి కొల్లేటి గ్రామములలో వృద్ధులు చెప్పగా వినియున్నాను. ఆ కథలను మనము విన్నప్పుడు కష్టమని నిట్టూర్తుము. కళాభక్తి యని పొగడము. ఒకే విధమైన శ్రమ చేనిలో జరిగినప్పుడు కష్టమై, రంగముపై జరిగినప్పుడు వింతయగుట విచారింపదగినది.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. అది ప్రేక్షకుల పొరపాటు. నిజమైన నొప్పిని వారు నటనగ భావించిరి. ఈ ఘట్టమును చెప్పునప్పుడు సాధారణముగ నవ్వుచు చెప్పుదురు. దీనివెనుక ఒక విమర్శసూత్రము దాగియున్నది. స్త్రీ రంగముపై బాధపడినచో అది ఆమె స్వభావము. అందు విద్య యేమున్నది? ఇట్టి భావము మన రంగస్థల విమర్శయందు బహుకాలముగ నున్నది. దీనికి ఎదురుగ స్త్రీపాత్రలు ధరించిన పురుషుని పరిశీలించినచో విషయము తేటపడగలదు.

స్థానం నరసింహారావుగారు (1902-1971) రంగప్రవేశము చేసిన విధము ప్రసిద్ధము. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమాడవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ కొరత తీర్చుటకు యువకుడైన స్థానంవారు ఆ వేషము కట్టి జనుల మెప్పు పొందిరి. కథ ఇంతటితో ఆగలేదు. పిమ్మట వారు సత్యభామకు, రోషనారకు, చిత్రాంగికి, మధురవాణికి ఎట్లు వేరువేరు నడకలు, చూపులు, చీరకట్టులు కల్పించిరో, ఒక్కొక్క పాత్రను ఎంత సాధనతో తీర్చిరో మన విమర్శకులు వివరముగ వ్రాసిరి. 1956లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది. తమ అనుభవములను వారు స్వయముగ 'నటస్థానము' అను గ్రంథమున వ్రాసికొనిరి. ఆ కీర్తికి వారు సర్వవిధముల అర్హులు. అందు సందేహము లేదు. కాని ఆ కీర్తి నిర్మాణమును గమనింపుడు. పురుషుడు స్త్రీ కాడు గనుక ఆతడు స్త్రీగ కనబడుట విద్య యనిపించుకొన్నది. రంగప్రవేశకథకు తరువాత సాధనకథ వచ్చినది. వెంకూబాయికి రెండవ కథ లేదు.

ఇప్పుడు ఏలూరి కథకు వత్తము. పసుపులేటి కన్నాంబ (1911-1964) ఏలూరిలో పెరిగి, అచ్చటనే సంగీతము నేర్చినది. ఒకనాడు ఆ పట్టణమున హరిశ్చంద్ర నాటకము జరుగుచుండగా చంద్రమతి వేషధారి పద్యములను రక్తిగ పాడలేకపోగా ప్రేక్షకులు గోల చేసిరనియు, వారిలో కూర్చున్న బాలికయైన కన్నాంబ లేచి రంగముపైకి పోయి ఆ పాటను తాను పాడి జనులను నిశ్శబ్దులను చేసెననియు చెప్పుకొందురు. అది మొదలు ఆమె నాటకసమాజమున చేరి చంద్రమతి, సావిత్రి, అనసూయ వంటి పాత్రలతో ప్రసిద్ధి చెందినది. 1935లో 'హరిశ్చంద్ర' చిత్రమున చంద్రమతియై, 1936లో ద్రౌపదియై, 1947లో 'పల్నాటియుద్ధము'న నాయకురాలు నాగమ్మయై తెలుగుదేశమంతట పేరు గాంచినది.

బాపట్ల కథకును ఏలూరి కథకును గల పోలిక చూడుడు. రెండింట నాటకమొక్కటే; పాత్రయు ఒక్కటే. ఒకచోట చంద్రమతి రాలేదు, వేరొకచోట వచ్చిన చంద్రమతి చాలలేదు. ఖాళీయైన స్థానమును ఒక యౌవనస్థుడో బాలికయో పూరించుటతో కథ ఫలించును. ఇట్టి రంగప్రవేశకథలకు ఒక మూస యున్నదని దీనిచే తెలియుచున్నది. కథ మూసలో నున్నంతమాత్రమున జరుగలేదనుట పొరపాటు. జరిగినదానిని జ్ఞప్తియందుంచుకొనుటకు జనులు మూసలను వాడుకొందురు. అయినను మూసలోనికి రానిది ఏమైనదో వెదకుట పరిశోధకుని పని. ఏలూరి కథయందు మూసలోనికి రానిది ఆ బాలిక అంతకుముందు నేర్చిన సంగీతము. ఆమె లేచి పాడగలుగుటకు ముందు ఎన్నియో ఉదయములు శ్రుతిపెట్టె ముందు కూర్చుండియుండవలెను. కథ ఆ ఉదయములను తీసివేసి, సాయంకాలమును మాత్రము నిలిపినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. 'శోకపాత్రలయందు స్త్రీకి సహజమైన అనుకూల్యము ఉండదా? కంఠము, ఆకృతి, హృదయము ఆమెకు పుట్టుకతోనే వచ్చినవి కదా?' అని కొందరు పండితులు అడుగుదురు. దీనికి సమాధానము పద్యనాటకముయొక్క నిర్మాణమునందే యున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి (1881-1953) 'సత్యహరిశ్చంద్రీయము'నందలి కాటిసీనును తీసికొందము. పుత్రుని శవము ముందుంచుకొని చంద్రమతి పద్యములలో విలపింపవలెను. పద్యమునకు ఛందస్సు కలదు, యతి కలదు. పదచ్ఛేదము శ్రోతకు తెలియవలెను. దానికి రాగము కలదు. హార్మోనియముతో శ్రుతి కలియవలెను. ధ్వనివర్ధకములు లేని కాలమున ఆ మాట చివరివరుసలోని వానికి వినబడవలెను. నిజముగ ఏడ్చువాని గొంతు పూడిపోవును, ఊపిరి తెగును, శ్రుతి తప్పును. కావున నిజమైన ఏడుపు ఈ పద్యమునకు శత్రువు. లోపల ఏడుపును ఆపుకొని, వెలుపల ఏడుపు వినిపింపగల గొంతు కావలెను. అది పురుషునకును పుట్టుకతో రాదు, స్త్రీకిని రాదు. పద్యనాటకమున సహజనటి అను మాటకు అర్థము లేదు.

ఈ సంగతి నాకు గ్రంథములవలన తెలియలేదు. నా బాల్యమున కొల్లేటి అంచునగల ఒక గ్రామములో సంక్రాంతి కోతలు ముగిసిన పిదప హరిశ్చంద్ర నాటకము ఆడిరి. పిల్లలము రంగము ప్రక్కన, తెర త్రాళ్లు కట్టిన గుంజవద్ద కూర్చుంటిమి. చంద్రమతి వేషము వేసిన ఆమె, నడివయస్కురాలు, కాటిసీనులో మొదటి పద్యములు పాడి జనులచే కంటనీరు పెట్టించి ప్రక్కకు వచ్చినది. మాకు ఆమె ఇంకను ఏడ్చుచుండునని నమ్మకము. ఆమె కొంగుతో చెమట తుడుచుకొని, హార్మోనియము వాయించువానితో మెల్లగ, 'మాస్టారూ, గొంతు పట్టేస్తోందండీ, వచ్చే పద్యానికి ఒక మెట్టు దించండి' అని, గోరువెచ్చని నీరు రెండు గుక్కలు త్రాగి మరల శవముకడకు పోయినది. మరుక్షణమున ఆ గొంతునుండి వచ్చిన శోకము విని మా ప్రక్కనున్న వృద్ధురాలు కొంగు నోట క్రుక్కుకొన్నది. ఆ మెట్టును గూర్చి సభలో ఎవరికిని తెలియదు. నటివిద్య యనగా నేమో నాకు ఆనాడు అర్థము కాలేదు. తరువాత పాఠము చెప్పునప్పుడు అర్థమైనది.

ఈ దృష్టితో వెంకూబాయి కథను మరల చదివినచో దాని తాత్పర్యము మారును. ప్రేక్షకులు నిజమైన నొప్పిని నటన యని ఎందుకు తలచిరి? అంతకుముందు ఆమె నటించిన దుఃఖము వారికి అంత నిజముగ తోచియుండుటచేత గదా! నటన కృతకమై యుండినచో, నిజమైన బాధ రాగానే ఆ భేదము ముందువరుసవానికి పొడకట్టియుండును. పాటకును మూలుగునకును నడుమ అతుకు కనబడలేదనగా పాటయే మూలుగంత నిజముగ సాగినదన్నమాట. కథ నిజమైనచో అది ఒక వింతప్రసవమునకు సాక్ష్యమగుటకు పూర్వమే ఒక నటియొక్క సామర్థ్యమునకు సాక్ష్యము. కథను కల్పించినవారు ఎవరైనను, వారు తమకు తెలియకయే ఆమె విద్యను పొగడిరి. ప్రేక్షకులు మొరటువారు గనుక భేదము తెలియలేదని వాదింపవచ్చును. రాత్రంతయు పద్యముపద్యమునకు రాగభేదమును గుర్తించి 'ఒన్సు మోర్' అని కేకలువేయు ప్రేక్షకులను మొరటువారనుట న్యాయము కాదు.

ఇతరదేశముల, ఇతరభాషల నటీమణుల చరిత్రలతో పోల్చుట ఇచట ఉపకరించును. ఆంగ్లరంగమున కెంబుల్ కుటుంబము ప్రసిద్ధము. సారా సిడన్స్‌కు మేనకోడలగు ఫ్యానీ కెంబుల్ (1809-1893) తన తండ్రి నడుపు నాటకశాల అప్పులలో మునిగియుండగా దానిని గట్టెక్కించుటకై 1829లో జూలియట్ పాత్రతో రంగమెక్కినది. కారణము సురభి స్త్రీ కారణమే: కుటుంబపోషణ. ఆమె ఆ సంగతిని దాచక తన బాల్యస్మృతులలో వ్రాసికొన్నది. వంగరంగమున వినోదినీదాసి (1863-1941) నాటకకుటుంబమునుండి వచ్చినది కాదు. 1874లో రంగమెక్కి, గిరీశచంద్ర ఘోషుయొక్క శిక్షణలో ప్రసిద్ధిచెంది, 1883లో కలకత్తాలో వెలసిన స్టార్ థియేటరుకొరకు తాను చేసిన త్యాగమును, దానికి తన పేరు పెట్టుదుమని చెప్పి పెట్టకపోవుటను 1912లో ప్రకటించిన ఆత్మకథలో చెప్పుకొన్నది. ఈ ఇరువురు మనకు మనుష్యులుగ తెలియుదురు. వారికి కోపము కలదు, అభిమానము కలదు, తమ పాత్రలపై అభిప్రాయములు కలవు. వారు తమ మాటను తాము వ్రాసికొనుటయే దీనికి కారణము.

వెంకూబాయి తరమువారి సాహిత్యము కంఠస్థము. పాత్రను విని నేర్చి, బిడ్డలకు చెప్పి నేర్పిన తరమది. అట్టివారి జీవితమునకు లేఖలు, దినచర్యలు ఆధారములు కావు. కాని ఆధారము లేదని చేతులు ముడుచుకొనరాదు. పాత్రల పంపకమే ఒక ఆధారము. ఏ నాటకమున ఏ పాత్ర తల్లినుండి కుమార్తెకు, అత్తనుండి కోడలికి పోయినదో తెలిసినచో ఒక విద్యాపరంపర తేలును. కరపత్రములు, నాటకపు వ్రాతప్రతుల అంచులలోని గుర్తులు, గ్రామోఫోను రికార్డులు, కుటుంబముల వంశవృక్షములు, నేటికిని రంగమునందున్న సురభి స్త్రీల జ్ఞాపకములు ఆధారములే. ఒక చిత్రముయొక్క తేదీని సవరించుటకు మనవారు ఎంత శ్రద్ధ వహించిరో చూడుడు. 'భక్తప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని బహుకాలము నమ్మితిమి. పరిశోధన ఫలితముగ 1932 ఫిబ్రవరి 6 అని తేలినది. ఆ శ్రద్ధలో పదవవంతు లీలావతి తల్లికి దక్కినను మేలు.

ఈ పనికి మన ప్రాంతము అనువైన క్షేత్రము. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు సాగిన పిదప, గోదావరి కాలువయు కృష్ణా కాలువయు ఏలూరున కలియుటచే ఆ పట్టణము పడవల రాకపోకలకు కూడలియైనది. 1890 దశకమున బెజవాడనుండి ఈశాన్యమునకు రైలుమార్గము పడుటతో ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములు ఒకే దారిపై నిలిచినవి. సామాను, తెరలు, పిల్లలు, వృద్ధులతో కదలు సమాజమునకు కాలువయు రైలును ప్రాణాధారములు. సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరగా చేతిలో రొక్కమాడును. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమాసమున వచ్చును. వానలు కురిసి బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిని నింపకమునుపు ఊరూర నాటకములు సాగును. ఏ నెలలో ఏ ఊర నాటకమాడవచ్చునో పంటయు నీరును నిర్ణయించెడివి. నటి జీవితమునకు పంచాంగము ఇదియే. ఆమె ప్రసవములు, ప్రయాణములు, విశ్రాంతి దీనికి లోబడినవే.

తాడేపల్లిగూడెమునకు మరియొక సంబంధము కలదు. ఆ పట్టణమున స్థిరపడి చిత్రశాలను కట్టిన రేలంగి వెంకట్రామయ్యగారు (1910-1975) రంగస్థలముపై తొలినాళ్లలో స్త్రీపాత్రలు ధరించినవారే. ఇంచుమించు ఒకే కాలమున, ఏలూరి బాలిక చంద్రమతియై స్త్రీపాత్రను స్త్రీకి రాబట్టుచుండగా, వేరొక నటుడు స్త్రీపాత్రలను విడిచి హాస్యమునకు మరలెను. పురుషుడు స్త్రీపాత్రనుండి తొలగుటయు, స్త్రీ దానిని చేపట్టుటయు ఒక్కసారి తెగినట్లు జరుగలేదు. స్థానంవారు సత్యభామగ నీరాజనము లందుకొనుచున్న కాలముననే కన్నాంబ చంద్రమతిగ కన్నీరు పెట్టించెను. ఈ రెండు విద్యలు ఒకదానినుండి యొకటి ఏమి నేర్చినవో పరిశీలింపదగియున్నది.

కన్నాంబ విషయమున ఏలూరి కథ దాచినది మరియొకటి కలదు. ఆమె భర్తయగు కడారు నాగభూషణముగారితో కలిసి రాజరాజేశ్వరీ నాట్యమండలిని నడపి ఊరూర నాటకములాడినది. తరువాత వారు ఆ పేరనే చిత్రనిర్మాణసంస్థను నెలకొల్పి పలు చిత్రములు తీసిరి. పాడలేని చంద్రమతికి బదులు పాడిన బాలిక పెరిగి, ఎందరికో పాత్రలను, జీతములను ఇచ్చిన యజమానురాలైనది. ఒక నటీమణి జీవితమున ఇంతకన్న చెప్పదగిన ఘట్టమేమున్నది? అయినను మనము ప్రసంగములలో బాలిక లేచి పాడుటనే చెప్పుకొందుము. యజమానురాలు లెక్కలు చూచుకొనుటను చెప్పుకొనము. వింత మనకు రుచించినట్లు శ్రమ రుచింపదు.

చెప్పినదానిని సమీకరింతును. వెంకూబాయి కథను తరగతిలో చెప్పవద్దని నా అభిప్రాయము కాదు. చెప్పవలెను. చెప్పిన పిమ్మట మూడు ప్రశ్నలు వేయవలెను. ఆమె ఆ రాత్రి రంగమెక్కవలసిన అవసరమేమి? నొప్పిని నటనగ భ్రమింపజేసిన విద్యను ఆమె ఎవరివద్ద నేర్చెను? ఆ విద్యను తరువాత ఎవరికి నేర్పెను? మొదటి ప్రశ్న నాటకరంగపు ఆర్థికచరిత్రకు, రెండవది అభినయచరిత్రకు, మూడవది కుటుంబచరిత్రకు దారి తీయును. ఈ మూడును కలిసినప్పుడు నటీమణికి జీవితచరిత్ర యేర్పడును.

మూడవ ప్రశ్నకు మాత్రము ఒక సమాధానము మనయెదుటనే యున్నది. ఆనాడు తెరవెనుక పుట్టిన శిశువు ఇరువదియైదేండ్లు నిండకమునుపే తెలుగు చిత్రమున పలికిన తొలి నాయిక యయ్యెను. ఆ పలుకు ఎవరి యొడిలో దిద్దుకొన్నదో ఊహింపవచ్చును. కాసులు కురిపించిన ప్రేక్షకులు బిడ్డను చూచిరి. తల్లిని చూడవలసిన పని మనకు మిగిలినది.